కాకిబంగారం

పొగతోటలో, మూడో అంతస్తులో, ఏసీ చలిలో
సీసం కోటు తొడుక్కుని నిలబడ్డాను.
పన్నెండేళ్లుగా మోస్తున్నా
భుజాలకింకా అలవాటు కాని బరువు.

బల్ల మీద చెంగమ్మ. ఊరు సైదాపురం పక్కన.
వయసెంతని అడిగితే
"మా గని మూసిన ఏడు నా నడిపి కూతురు పుట్టింది,
నువ్వే లెక్కేసుకో అబ్బయా" అంది.

కార్జంలో గడ్డ.
గూడూరు మార్కెట్లో రెండో రకం నిమ్మకాయంత.
కోసి తీసే చోట లేదు.
అందుకే గజ్జల్లో సూది దిగినంత రంధ్రం,
అందులోంచి సేమియా పోగులాంటి గొట్టం
నెత్తుటికి ఎదురీదుకుంటూ పైకి పోయింది.

రంగుమందు వదిలితే తెర మీద
నాళాలన్నీ ఒకదాని మీదొకటి,
గోడ మీద పడ్డ తుమ్మకంప నీడ.
ఏ కొమ్మ ముందుదో ఏ కొమ్మ వెనకదో
నీడ ఎప్పుడు చెప్పింది గనక?

డాక్టర్ సునంద నా వైపు చూసింది.
"తిప్పు బాషా."

తిప్పేముందు ఒక మాట చెప్పాలి,
రోజుకి నలుగురికి చెప్పే మాట:
చేతులు తల మీదికి. ఊపిరి బిగబట్టాలి.
ఎనిమిది లెక్కపెడతాను, అందాకా కదలొద్దు.
చాలామంది ఐదుకే ఓడిపోతారు.
ఊపిరితో పాటు కాలేయమూ ఊగుతుంది,
బొమ్మ అలుక్కుపోతుంది,
తడిసిన రేషన్ కార్డు మీద పేరులాగా.

చెంగమ్మ నవ్వింది.
"పదేళ్ల పిల్లప్పట్నించి నేను జేసిందే అది గదా!
కాకిబంగారం రేకు తీసేటప్పుడు
కత్తి మొన పొరలోకి దిగిందా, ఊపిరి ఆపాల.
వదిలితే రేకు పగులుద్ది.
పగిలితే మేస్త్రీ కూలి కోస్తాడు."

ఆపింది.

లాడంలాంటి ఇనప చెయ్యి ఆమె చుట్టూ తిరిగింది.
కంటికి కనబడని వెలుగు, గరాటులా విచ్చుకుని,
అడుగడుక్కీ ఒక నీడని అడిగి పుచ్చుకుంది.
అద్దం వెనక నేను లెక్కపెట్టాను.
ఆరు. ఏడు. ఎనిమిది.
మైకులో చెప్పడం ఆలస్యమైంది. తొమ్మిది. పది.
నేను చెప్పేదాకా ఆ రొమ్ము కదల్లేదు.

తెర మీద చెంగమ్మ, పొరలు పొరలుగా.
మౌసు చక్రం తిప్పుతుంటే ఒక్కో రేకూ ఊడివస్తోంది.
ఒక్కటీ పగల్లేదు.
గడ్డ వీపున, ఏదో ఒక రేకులో,
ఇందాకటి బొమ్మ దాచిన రెండో నాళం.
వెంట్రుకంత. కొక్కెం వేసి గుంజిన దొంగ కరెంటు తీగ.
డాక్టరమ్మ ఏమీ అనలేదు.
వేలితో తెరని ముట్టుకుంది, అంతే.

గసగసాల నూనెలో కలిపిన మందు
రెండు దారుల్లోనూ, చుక్క తర్వాత చుక్క.
మళ్లీ తిప్పాం. మళ్లీ ఆపింది.
గడ్డ నిండా తెల్లగా మందు.

ఆరు గంటలు కాలు మడవొద్దంటే
రాపూరు బస్సు పోతాదే అని దిగులుపడింది.
తర్వాత, నన్నూ చూడనీ అంది.
తెర తన వైపు తిప్పాను.
చాలాసేపు చూసింది, సరుకు చూసే చూపుతో.
"మచ్చ రేకు" అంది.
నాకు ఏం చెప్పాలో తోచలేదు.
"మచ్చ రేకుల్ని పారెయ్యం అబ్బయా.
ఇస్త్రీ పెట్టెల్లోకి పొయ్యేవి అవే.
వేడికి తట్టుకుంటాయి."

నెల తర్వాత రమ్మన్నాం.
నెలలో ఏమవుతుందో ఈ మిషన్ చెప్పదు.

సాయంత్రం కావలి నుంచి వచ్చినాయన
ఐదో అంకెకి దగ్గాడు. రెండోసారి నాలుగుకే.
అద్దం వెనక నుంచి బయటికొచ్చి
బల్ల పక్కన నిలబడ్డాను.
"చేతిలో కాకిబంగారం రేకుందనుకో అన్నా,
కత్తి లోపలికి దిగిందనుకో" అన్నాను.
"కాకిబంగారమంటే ఏంది సామీ?" అన్నాడు.

సీసం కోటు బరువుతోనే
స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.